ఆరో జత స్కీలు

మీలో కొందరు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టర్లుగా చేరి ఉంటారు. మిగతావాళ్ళు టెస్టర్లు పంపిన తప్పుల జాబితా చూసి పళ్ళు నూరుతూ ఉంటారు. నేను ఆ పళ్ళు నూరించే జాతి మనిషిని. సింగపూర్‌లో రిటైరయ్యే దాకా అదే చేశాను. ఎవరైనా "అయిపోయింది, బ్రహ్మాండంగా ఉంది" అంటే నమ్మకపోవడానికే నాకు జీతం ఇచ్చేవాళ్ళు. నా అనుమానం వల్ల కంపెనీలు బతికిపోయిన కథలు నా దగ్గర బోలెడున్నాయి, ఎప్పుడు అడిగినా చెప్తాను. ఇది మాత్రం వాటిలోది కాదు.

ఈ గుణం ఉద్యోగంతో వచ్చింది కాదు. చీరాలలో మా అమ్మ చీర కొనడానికి వెళ్తే ముందు వైపు చూసేదే కాదు. కొట్టాయన మడతలు విప్పి పరుస్తుంటే "అది సరేగానీ, ఇటు తిప్పు" అనేది. వెనక దారాలు వేలాడుతున్నాయేమో చూసేది, అంచు మీద గోటితో గీకేది, కొంగు వెలుతురుకి ఎత్తిపట్టేది. ఇంతా చేసి సగం సార్లు కొనకుండానే లేచి వచ్చేది. ఆ కొట్టాయన మొహం నాకిప్పటికీ గుర్తే. పాపం అనిపించేది గానీ, అమ్మదే రైటు అని కూడా అనిపించేది.

రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్నప్పుడు నన్ను సింగపూర్ తీసుకొచ్చారు. ఏవీ కూలలేదు. మమ్మల్ని తెచ్చిన కంపెనీకి ఇక మాతో పని లేకుండా పోయింది. అదృష్టం కొద్దీ అవి పేరు చివర డాట్ కామ్ తగిలిస్తే చాలు పెట్టుబడిదారులు ఎగబడే రోజులు. అలాంటి ఒక డాట్ కామ్‌లో దొరికింది నాకు ఉద్యోగం. ఆ కంపెనీ ఇంటర్నెట్‌లో స్కీలు అమ్మేది.

నవ్వకండి. మంచు అంటే ఐస్ కచాంగ్ అనే తురిమిన ఐసు తీపి గిన్నెలో తప్ప ఎరగని ఊళ్ళో కూర్చుని, జపాన్ వాళ్ళకి, కొరియా వాళ్ళకి స్కీలు అమ్మాం. స్కీలంటే కాళ్ళకి బిగించుకుని మంచు మీద జారే పొడుగాటి సన్నటి చెక్కలు. మావి కొండ మీంచి కిందికి దూసుకొచ్చే రకం కాదు, మైదానాల్లో, చిన్న చిన్న మిట్టల మీద నడకలాగా సాగిపోయే రకం. పెద్ద కంపెనీల సరుకు అందరూ అమ్ముతారు కాబట్టి మనం చిన్న చిన్న కార్ఖానాల్లో చేత్తో చేసేవి అమ్మాలి, అందులోనూ ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా చేసినవి అమ్మాలి అన్నది మా బాస్ ఆలోచన. బాస్ ఇక్కడి చైనీస్ కుర్రాడు, ముప్పై దాటలేదు. విదేశంలో చదువుకునేటప్పుడు రెండుసార్లు మంచు చూశాడు. ఆఫీసు మొత్తానికి ఉన్న మంచు అనుభవం అంతే.

"వెబ్‌సైట్ ఎలాగూ టెస్ట్ చేస్తున్నావు. సరుకు కూడా నువ్వే చూడు. నువ్వు ఎవర్నీ నమ్మవు, నాకు కావల్సింది అదే" అన్నాడు ఒకరోజు. నాకు ఎవరో మెడలో పతకం వేసినట్టు అనిపించింది.

సరుకు ఎంచి కొనే పని అక్కది. అక్క అంటే మా అక్క కాదు, కొనుగోళ్ళు చూసే ఆవిడ. ఆఫీసులో మేమిద్దరమే తెలుగువాళ్ళం. వాళ్ళ తాతగారు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఇక్కడి సెంబవాంగ్ నౌకాస్థావరంలో పనికి వచ్చి ఉండిపోయారట. ఆవిడ పుట్టింది, పెరిగింది ఇక్కడే. ఆవిడ తెలుగులో సగం తెలుగు, పావు తమిళం, మిగతాది మలయ్. "ఏం చెల్లీ, మకాన్ ఆయెనా?" అని రోజూ భోజనం సంగతి అడిగేది. ఏ పని చెప్పినా "బోలే, బోలే" అనేది, అంటే చేసేద్దాం అని. చేరిన మొదటి రోజే నన్ను చెల్లీ అంది. నాకు అదే మొదటి అనుమానం. మొదటి రోజే వరస కలిపేవాళ్ళని చూసి జాగ్రత్తపడాలని నేను అనుకునేదాన్ని.

అక్క ఇరవై ఏళ్ళు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఆ ఫ్యాక్టరీ ఇంకో దేశానికి తరలిపోతే, యాభయ్యో ఏట రోడ్డున పడింది. ఏడాదిన్నర తిరగగా తిరగగా దొరికింది ఈ ఉద్యోగం. "ఇది పోతే ఇంకెవరిస్తారు చెల్లీ? హాకర్ సెంటర్‌లో ప్లేట్లు ఎత్తాల్సిందే" అంది ఒకసారి, ఆఫీసు కింద వరసగా ఉన్న తిండి కొట్లు చూపిస్తూ. నవ్వుతూనే అంది.

ఒకరోజు మధ్యాహ్నం అక్క చేతిలో చిన్న పుస్తకం పట్టుకుని ఆఫీసులో ఆడవాళ్ళందరి దగ్గరికీ వెళ్తోంది. మేం మొత్తం ఆరుగురం. నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"చెల్లీ, నీ బరువెంత?"

"ఎందుకక్కా?"

"సుమ్మా అడిగితిని. పని ఉంది, తరవాత చెప్తాను."

ఊరికే అడిగానంటూనే పని ఉందంటుంది! బరువు అడగడానికి పని ఏముంటుంది? రిసెప్షన్‌లో కూర్చునే పిల్ల, ప్రోగ్రామర్లు ఇద్దరూ చెవులు అప్పగించి వింటున్నారు. "యాభై రెండు" అన్నాను. అక్క నన్ను ఒక్క క్షణం చూసి రాసుకుని వెళ్ళిపోయింది.

అది అబద్ధం కాదని నా వాదన. ఇక్కడికి వచ్చేటప్పుడు వర్క్ పాస్ కోసం చేయించిన మెడికల్‌లో రాసింది యాభై రెండే. సర్టిఫికెట్ నా దగ్గర ఉంది. ఆ తర్వాత రెండేళ్ళు రోటీ పరాటాలు తిన్నానన్న సంగతి ఏ రికార్డులోనూ లేదు కదా.

ఆ వారంలోనే లావెండర్ పెద్దమనిషి వచ్చాడు. పేరు చెప్పను గానీ ఆయన తెచ్చిన స్కీల రంగు అది, వాటి మీద తెల్లటి పువ్వులు కూడా. ఐరోపాలో ఏదో కొండ కింద తమది చిన్న కుటుంబ కార్ఖానా అన్నాడు. తాతగారి ఫొటో చూపించాడు. అందరికీ బిస్కెట్ డబ్బాలు పంచాడు. నడుమ చెక్క కాస్త పైకి లేచి ఉందేమిటని అడిగితే "స్ప్రింగ్ లాగా, మేడం. మనిషిని ముందుకి తోస్తుంది" అన్నాడు. ఆయన ఇచ్చిన ఆరు జతలనీ నేలమీద పెట్టి స్టీలు స్కేలుతో కొలిచాను. నడుమ ఎత్తు అన్నిటికీ ఒకటే. బరువు ఒకటే. పువ్వులు కూడా అన్నిటి మీదా ఒకేచోట ఉన్నాయి. టెస్టర్లకి మాత్రమే తెలిసే ఆనందం అది. రిపోర్టులో "లోపం లేదు" అని రాశాను. నేను ఆ మాట రాయడం చూసి బాసే ఆశ్చర్యపోయాడు.

నెలన్నర తర్వాత అక్క ఎంచిన సరుకు దిగింది. జపాన్ ఉత్తరాన హొక్కాయిడోలో ఒక ఆవిడ, వాళ్ళ మామగారు, ఇద్దరే కలిసి చేసే కార్ఖానా అట. ఫొటోలు లేవు, రంగులు లేవు. ఉత్త చెక్క రంగు, పైన నూనె మెరుపు. ఆ జపాన్ ఆవిడ అడిగే వివరాలు కూడా వింతే. అందరూ కొనేవాళ్ళ ఎత్తు అడిగితే ఈవిడకి బరువు కావాలి. వెబ్‌సైట్ ఫారంలో బరువు రాయకపోతే ఆర్డరే తీసుకోనందట. ఆడవాళ్ళని బరువడిగే దుకాణం ఎక్కడైనా ఉందా అని దాన్నీ లోపం కింద రాసి పెట్టాను.

ఆ ఆరు జతలూ కొలిచాను. ఒకదాని నడుమ ఎత్తు ఇంకోదానికి లేదు. ఒకటి వేలితో నొక్కితే వంగుతుంది, ఇంకొకటి మోకాలు పెట్టి తొక్కినా వంగనంటుంది. ప్యాకింగ్‌లో పనిచేసే పెద్దాయన, అందరూ అంకుల్ అని పిలిచే చైనీస్ ముసలాయన, పక్కన నిలబడి చూసి "ఇట్స్ వుడ్ లా. సింగపూర్ తేమ గాలికి వంగక ఏంజేస్తది" అన్నట్టు ఏదో సింగ్లీష్‌లో అన్నాడు. నాకు కావల్సిన సాక్ష్యం దొరికింది.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఇటు తిప్పు. తిప్పాను. ప్రతి జత అడుగున, చివర్లో, పెన్సిల్‌తో చిన్నగా ఒక అంకె. నలభై నాలుగు. నలభై ఆరు. నలభై తొమ్మిది. యాభై రెండు. యాభై ఏడు. డెబ్భై నాలుగు.

చిన్నప్పటి నుంచి మార్కుల కాగితాలు తప్ప ఇంకేమీ చూడని బుర్ర నాది. రెండంకెల సంఖ్య కనిపిస్తే నూటికి ఎంత అని ఆలోచించడం మా తరం జబ్బు. ఇవి తయారు చేసినవాళ్ళే వేసుకున్న మార్కులు అని తేల్చేశాను. ఆరింటిలో ఒక్కటే ఫస్ట్ క్లాసు, రెండు సెకండ్ క్లాసు, మిగతావి బొటాబొటి పాసు. మిగిలిపోయిన నాసిరకం సరుకంతా మాకు అంటగడుతున్నారన్నమాట! ఇప్పుడు తలచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. వాటిలో యాభై రెండు ఉందని కూడా నాకు తట్టలేదు. ఎందుకు తడుతుంది? అది నా బరువైతే కదా.

మరి ఇలాంటి సరుకుని అక్క ఎందుకు ఎంచినట్టు? ఆ ప్రశ్న పట్టుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. అక్క కుర్చీ వెనకనుంచి వెళ్ళేటప్పుడల్లా ఓ కన్ను వేసేదాన్ని. ఒకరోజు జపాన్ స్టాంపులున్న చిన్న పొట్లం వచ్చింది. అక్క విప్పి చూసి, నవ్వుకుని, నేను రావడం గమనించి గబుక్కున సొరుగులో పెట్టేసింది.

"ఏంటక్కా అది?"

"ఏం లేదు చెల్లీ. శుక్రవారం చూద్దువు."

ఏం లేనిది శుక్రవారం ఏం చూస్తాను? ఆవిడకి ఏదో ముట్టిందని నాకు రూఢి అయిపోయింది. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంట్ ఇంజినీరు. ఒళ్ళంతా అలిసిపోయి వస్తాడు, ఎక్కువ మాట్లాడడు.

"ఆవిణ్ణే అడక్కపోయావా?" అన్నాడు.

"అడిగితే చెప్తుందా? దాచింది కాబట్టే కదా అనుమానం."

"మా ప్లాంట్‌లో మీటర్ తేడాగా చూపిస్తే ముందు మీటర్నే చూస్తాం" అని చెయ్యి కడుక్కుని లేచాడు. ఏదో పనిమాట అనుకుని పట్టించుకోలేదు.

మర్నాడు రిపోర్టు రాశాను. మూడు పేజీలు. సరుకులో నిలకడ లేదు, తయారీదారే తక్కువ మార్కులు వేసుకున్నారు, తిరస్కరించాలి. అంతటితో ఆపితే అది ఉద్యోగధర్మం అయ్యేది. ఆఖరున ఇంకో వాక్యం రాశాను. ఈ తయారీదారుతో కొనుగోళ్ళ ఉద్యోగికి సొంత లావాదేవీ ఏదో ఉన్నట్టు అనుమానంగా ఉంది అని. ఆ వాక్యం నాలుగుసార్లు చదువుకుని, చెరపకుండా ఉంచాను.

బాస్ చదివి తలుపు వేసి రమ్మన్నాడు. "శుక్రవారం లంచ్ తర్వాత ఆవిడ ఏదో చూపిస్తానంటోంది. చూద్దాం. సరుకు నువ్వు చెప్పినట్టే ఉంటే సాయంత్రానికి ఆవిణ్ణి పంపించేస్తాను. సీజన్ ఆర్డర్ మొత్తం లావెండర్ ఆయనకే" అన్నాడు.

సరే అన్నాను. ఆ మధ్యాహ్నం అక్క నా బల్ల మీద అరటి ఆకులో చుట్టిన నాసీ లెమాక్, అదే కొబ్బరిపాల అన్నం, పొట్లం పెట్టి వెళ్ళింది. తిన్నాను. గొంతు దిగలేదని చెప్తే బాగుంటుంది గానీ, దిగింది.

శుక్రవారం ప్యాకింగ్ గదిలో పెట్టెలన్నీ పక్కకి నెట్టించి నేల ఊడిపించింది అక్క. ఆరుగురు ఆడవాళ్ళం, బాస్, ప్యాకింగ్ అంకుల్. అక్క ఆ జపాన్ పొట్లం తెచ్చి అందరి ముందూ విప్పింది. అందులో ఉన్నవి ఉల్లిపొర లాంటి పల్చటి కాగితపు ముక్కలు, చేత్తో గీసిన బొమ్మల ఉత్తరం. అంతే.

అక్క ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. స్కీ నడుమ ఎత్తుగా ఉండేది తోయడానికి కాదట. రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడితే ఆ నడుమ నేలకి తగలకూడదు, అప్పుడే జారుతుంది. బరువంతా ఒక కాలి మీద వేస్తే నడుమ నేలకి తగిలి పట్టుకోవాలి, అప్పుడే ముందుకి అడుగు పడుతుంది. తగలకపోతే కాలు వెనక్కి జారిపోతుంది. కాబట్టి స్కీకి ముఖ్యం మనిషి బరువు. "మన కళ్ళకి మంచు తెలీదు. అందుకని ఈ కాగితం" అంది.

ముందు లావెండర్ స్కీలు పరిచింది. రిసెప్షన్ పిల్లని ఎక్కి నిలబడమంది. కాలి దగ్గర స్కీ కింద కాగితం దూర్చి లాగితే సులువుగా వచ్చేసింది. "ఇప్పుడు ఒక్క కాలి మీద" అంది. ఆ పిల్ల నిలబడింది. కాగితం మళ్ళీ అలాగే వచ్చేసింది. ఒకరి తర్వాత ఒకరు ప్రోగ్రామర్లు ఇద్దరూ ఎక్కారు, అకౌంట్స్ అమ్మాయి ఎక్కింది. ఎవరి బరువుకీ ఆ నడుమ నేలకి దిగలేదు.

"బాస్, మీరు ఎక్కండి" అంది అక్క.

బాస్ భారీ మనిషి. బూట్లు విప్పి, తెల్ల పువ్వుల లావెండర్ స్కీ మీద ఒంటికాలి మీద నిలబడ్డాడు. అక్క లాగింది. కాగితం కదల్లేదు.

"ఇది మగవాళ్ళ స్కీ, బాస్. కొంచెం పొట్టి చేసి పువ్వులు వేశారు" అంది అక్క. అంకుల్ పగలబడి నవ్వాడు. ఈ వ్యవహారం మొత్తంలో నేను అనుమానించని ఒకే ఒక్క మనిషి ఆ బిస్కెట్ డబ్బాల పెద్దమనిషి.

తర్వాత చెక్క రంగు స్కీలు పరిచింది. "ఇవి మన ఆరుగురి కోసం చేసినవి. ఎవరి బరువు వాళ్ళ జత అడుగున రాసుంది" అంది. నలభై నాలుగు రిసెప్షన్ పిల్ల. రెండు కాళ్ళ మీద నిలబడితే కాగితం వచ్చింది, ఒక కాలి మీద నిలబడితే బిగుసుకుంది. నలభై ఆరు, నలభై తొమ్మిది, యాభై ఏడు, అన్నీ అంతే. డెబ్భై నాలుగు అక్కదే. నా రిపోర్టులో ఫస్ట్ క్లాసు వచ్చిన జత. ఆవిడ ఎక్కితే ప్రోగ్రామర్ అమ్మాయి కాగితం లాగింది. అదీ సరిగ్గా పనిచేసింది.

"చెల్లీ, నువ్వు."

ఎక్కాను. రెండు కాళ్ళ మీదా నిలబడ్డాను. అక్క కింద గొంతుక్కూర్చుని కాగితం లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. చిరిగింది.

బాస్ జేబులోంచి మడిచిన నా రిపోర్టు తీశాడు. "అయితే ఆరింటిలో ఒకటి పాడు. నిలకడ లేదని ఇందులో రాసింది నిజమేగా? రేపు కస్టమర్లకి ఎన్ని ఇలా వెళ్తాయో ఎవరికి తెలుసు?"

అక్క కింద నుంచే తలెత్తి నా వైపు చూసింది. నా పాదాల వైపు చూసింది, మళ్ళీ నా మొహం వైపు. ఆవిడకి తెలుసు. ఆ రోజు పుస్తకంలో రాసుకునేటప్పుడే తెలుసు. నేనొక్క మాట అంటానేమోనని కాసేపు ఆగింది. నేను అనలేదు. ఎందుకు అనలేదంటే సిగ్గు, పాస్ రెన్యువల్ భయం, మూడు పేజీల రిపోర్టు. అన్నీ కలిపి నోరు కట్టేశాయి.

"నేనే నంబర్ తప్పు పంపుంటాను బాస్" అంది అక్క, మోకాలు పట్టుకుని లేస్తూ.

"మీ ఆరుగురి బరువే సరిగ్గా రాసుకోలేకపోతే కస్టమర్లవి ఏం రాస్తావు? నా రూముకి రా" అన్నాడు బాస్.

అక్క చేతిలో చిరిగిన కాగితం ముక్కని మడిచి ఉత్తరంలో పెట్టుకుంది. పొట్లం కట్టడం మొదలుపెట్టింది. హాకర్ సెంటర్‌లో ప్లేట్లు ఎత్తాల్సిందే అన్న మాట నా చెవిలో పడ్డట్టయింది. ముందు మీటర్ని చూస్తామన్న మా ఆయన మాట అప్పుడు అర్థమైంది.

స్కీలు దిగాను. గోడ దగ్గర పార్శిళ్ళు తూచే కాటా ఉంది. దాని మీద ఉన్న పెట్టె తీసెయ్యమని అంకుల్‌కి చెప్పాను. ఎక్కి నిలబడ్డాను. కాటా మీద ఏం పెట్టినా బరువు పైకి చదవడం ఆయనకి ఏళ్ళ తరబడి అలవాటు. ఆఫీసంతా వినపడేట్టు చదివాడు.

"సిక్స్టీ వన్ పాయింట్ ఫైవ్!"

"నేను యాభై రెండని చెప్పాను. తప్పు రాసింది అక్క కాదు, స్కీ చేసినావిడా కాదు. అబద్ధం చెప్పింది నేను. ఆ రిపోర్టు కూడా తప్పే బాస్" అన్నాను. ఏడుపొచ్చింది. టెస్టర్లు ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు కదా.

బాస్ కాటా మీది అంకె తనే వంగి చూసుకున్నాడు. తర్వాత రిపోర్టుని అక్క చేతికి ఇచ్చాడు. "మీ టెస్టర్ ఏం రాసిందో నువ్వూ చదువు. ఆర్డర్ జపాన్‌కి పంపించు" అని వెళ్ళిపోయాడు. అక్క నిలబడే మూడు పేజీలూ చదివింది. ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చిందని ఆవిడ కళ్ళు ఆగిన చోటును బట్టి నాకు తెలిసింది. కాగితాలు సర్ది నాకు తిరిగి ఇచ్చింది.

"అడిగుంటే చెప్పేదాన్నే కదా మేడం" అంది.

ఆ రోజు నుంచి నేను మేడం. మకాన్ ఆయెనా అని అడగలేదు. పని మాటలన్నీ మీరు, మీకు. తిట్టి ఉంటే భరించేదాన్ని. ఆ మర్యాద మాత్రం దాదాపు పది నెలలు ప్రతిరోజూ గుచ్చుకుంది. నేను రెండుసార్లు క్షమించమని అడిగాను. "అయ్యో, పర్వాలా మేడం" అంది రెండుసార్లూ.

జపాన్ స్కీలు కొన్న ఆడవాళ్ళ దగ్గర్నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. బరువు అడిగే ఆ గడిని నా చేత్తోనే టెస్ట్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టించాను. అయినా కంపెనీ నిలవలేదు. డాట్ కామ్‌ల గాలి తీసేసిన రోజులు వచ్చాయి, మాదీ మూతపడింది. ఆఖరి రోజు ఎవరి జత స్కీలు వాళ్ళని పట్టుకుపొమ్మన్నాడు బాస్. సింగపూర్ ఫ్లాట్‌లో స్కీలతో ఏం చేస్తారో గానీ అందరూ సంబరంగా పట్టుకెళ్ళారు. గోడకి ఆనించి ఒక్క జతే మిగిలింది, యాభై రెండు. నేను దాన్ని ముట్టుకోలేదు.

అక్క తన సామాను పెట్టె పక్కన పెట్టి నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో జపాన్ నుంచి వచ్చిన ఫ్యాక్స్ ఉంది. ఆఫీసు మూస్తున్నామని రాస్తే, ఆ స్కీలు చేసే ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో జవాబు పంపింది. ఇన్నాళ్ళ స్నేహానికి కృతజ్ఞతలు చెప్పి, కింద ఇంకో వాక్యం రాసింది. ఆరో ఆవిడకి మాత్రం నేను ఇంకా స్కీలు చెయ్యలేదు, చేసి పంపుతాను అని.

అక్క అదే పాత చిన్న పుస్తకం తెరిచింది. చెవి మీంచి పెన్సిల్ తీసింది.

"చెల్లీ, నీ బరువెంత?"

పది నెలల తర్వాత ఆ పిలుపు. పక్క బల్లల దగ్గర అందరూ ఉన్నారు, అందరూ వింటున్నారు.

"అరవై మూడున్నర" అన్నాను.

అక్క పెన్సిల్ పుస్తకం మీద ఆనించి నా వైపు చూసింది.

"కాటా ఇంకా ఇక్కడే ఉందక్కా. తూచి రాసుకో" అన్నాను.

"అక్కర్లా" అంది. రాసుకుంది.